సుగుణక్క ఉప్పునీళ్ల పెట్టె

ఈ పొద్దున మా ల్యాబు గుమ్మం ముందున్న సిమెంటు తొట్టిని పాత టూత్‌బ్రష్షుతో తోముతుంటే పచ్చి పాచి వాసన గుప్పుమంది. అంతే, సుగుణక్క వచ్చి నా వెనక నిలబడ్డట్టే అనిపించింది. "మెల్లగ తోము పిల్లా, తొట్టి నిన్నేమన్నదే?" అనేది ఆమె. పాచి మీద కోపంతో బ్రష్షులు విరగ్గొట్టినదాన్ని మరి నేను.

ఇప్పుడు మహబూబాబాద్‌లో నాకంటూ ఒక రక్తపరీక్షల ల్యాబు ఉందంటే అది ఆమె చలవే. భూపాలపల్లిలో ఆమె నడిపిన ల్యాబులోనే నేను పని నేర్చుకున్నాను. సూది చేతికివ్వకముందే ఆమె నాకు అప్పగించింది ముందు గదిలోని ఉప్పునీళ్ల అక్వేరియం. సముద్రమెక్కడ, బొగ్గుబావుల భూపాలపల్లి ఎక్కడ! బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఇంజనీరు మోసుకుపోలేక ఇచ్చిన పెట్టె అది. అందులో రెండు నారింజరంగు చేపలు, రాళ్ల మీద పిడికెడంత ఊదారంగు పగడం. పగడమంటే ఉంగరంలో రాయే అనుకునేదాన్ని నేను. అది బతికున్న జీవమనీ, దీపం వేస్తే వేళ్లు విప్పుతుందనీ అక్కే చూపించింది. ఆ పగడమంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే తాళం తీస్తూనే, మమ్మల్నెవరినీ అడగని "ఎట్లున్నవే?" దాన్ని అడిగేది.

ఒక వానాకాలం ఆ పెట్టెకు పాచి పట్టింది. వెంట్రుకల్లాంటి ఆకుపచ్చ పాచి. రాళ్లు బయటికి తీసి బకెట్లో పెట్టి తోమాం. దీపం వెలిగే గంటలు తగ్గించాం. ఫిల్టరు నీళ్లలో ఉప్పు కలిపి నీళ్లు మార్చాం. పాచి తినే నత్తల్ని హైదరాబాదు నుంచి తెప్పించాం. వారం తిరిగేసరికి మళ్లీ అదే. పగడం వేళ్లు ముడుచుకుంది, ఒక అంచు తెల్లబడింది. అక్కకు అన్నం సహించేది కాదు. "ఉత్తగ రాదే గీ పాచి. ఎవరో దానికి తిండి పెడ్తున్రు," అంది.

ఆ తిండి పెట్టేదెవరో నేనే పట్టుకున్నాను. బిడ్డకు పరీక్షలు చేయించడానికి టేకుమట్ల నుంచి వచ్చిన ఒక అవ్వ, రిపోర్టు కోసం కూర్చున్నదల్లా లేచి, టిఫిన్ డబ్బాలోంచి ఇంత అన్నం తీసి మూత సందులోంచి నీళ్లలో వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం పని అవ్వా గిది! నీ బుక్కెడు అన్నంతోని మా పగడం సస్తున్నది!" అని అందరూ ఉలిక్కిపడేలా అరిచాను. అవ్వ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "నా బిడ్డ కాయితం మంచిగ రావాలెనని ఏసిన బిడ్డా. నోరులేని జీవి కడుపు నిండితె దేవుడు జూస్తడు గద," అంది. పక్కనున్న పెద్దాయన చేతిలోని బిస్కెట్‌ను మెల్లగా జేబులో దాచుకున్నాడు. అప్పుడర్థమైంది, ముందు గదిలో కూర్చునే వాళ్లందరిదీ అదే మొక్కు. చేపలు తినగా మిగిలిందంతా కుళ్లి పాచికి ఎరువవుతోంది.

బోర్డు రాయిద్దామన్నాను. మూతకు తాళం వేద్దామన్నాను. సుగుణక్క మొదట అవ్వను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత నన్ను లోపలికి పిలిచింది. "భయమైతె మనిషి చెయ్యి ఊకుంటదా? ఏదన్న చెయ్యాలె అనిపిస్తది. ఉత్త తాళమేస్తె ఆ భయం యాడికి పోవాలె?" అంది. మర్నాడు గుమ్మం పక్కన ఒక సిమెంటు తొట్టి దిగింది. అందులో చెరువు చేపపిల్లలు, ఏది వేసినా గుటుక్కున మింగే రకం. ఉప్పునీళ్ల పెట్టెకు తాళం కూడా వేసిందనుకోండి, అక్క మెత్తనిదే గానీ పిచ్చిది కాదు. వచ్చినవాళ్లకు తనే చెప్పేది, "లోపలియి ఉపాసం. బయటియి ఆకలిమీదున్నయ్, వాటికెయ్యున్రి." మేం మాత్రం తోమడం ఆపలేదు. నెమ్మదిగా పాచి పలచబడింది. ఒక పొద్దున పగడం వేళ్లన్నీ విప్పుకొని కనిపిస్తే, అక్క నా వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చేసింది.

నేను సొంతంగా ల్యాబు పెట్టుకున్నప్పుడు మొట్టమొదట తెచ్చుకున్నది ఈ తొట్టినే. పోయిన ఎండాకాలం సుగుణక్క తన రక్తం చూపించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది. "నువ్వే జూడు. వేరేటోళ్ల మీద నాకు నమ్మకం లేదు," అని నవ్వింది. మిషన్ నడుస్తోంది. ఏ అంకె ఏం చెబుతుందో నాకు నేర్పిన మనిషి ఆమె. బయటికొచ్చి చూస్తే, తొట్టి మీదికి వంగి, సంచిలోంచి బిస్కెట్ తీసి చిదుపుతోంది. నన్ను చూసి సిగ్గుపడింది.

"ఏందే గట్ల జూస్తవ్? ఆకలిమీదున్నయ్ పాపం."

పక్కన కూర్చొని చెయ్యి చాపాను. "నాకు సగమియ్యక్కా."

ఆ కాయితం మంచిగా రాలేదు. చలికాలం దాటకముందే అక్క వెళ్లిపోయింది.

తొట్టి తోమడం అయిపోయింది, కొత్త నీళ్లు పోసి బకెట్లోని చేపల్ని మళ్లీ వదిలాను. తల్లి రిపోర్టు కోసం పొద్దుటి నుంచి కూర్చున్న ఒకామె గుమ్మం దాకా వచ్చి, గుప్పిట్లో ఏదో పట్టుకొని నా మొహం చూస్తూ నిలబడింది.

"ఎయ్యక్కా," అన్నాను. "ఆకలిమీదున్నయ్."