పత్తికొట్టులో విన్న చిడతలు

ధర చీటీ పీకేసి, మధ్యలో దుప్పటి కట్టి వినిపిస్తే, రెండు ఆంప్లిఫయర్లలో ఖరీదైనదేదో మీరు చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. గుంటూరు బ్రాడీపేట దుకాణంలో ఆ దుప్పటి కట్టించింది నేనే. రెండింటి శబ్దాన్నీ ఒకే స్థాయికి తెప్పించాను. పెద్దగా మోగేదే మంచిదనుకోవడం చెవికున్న మూఢనమ్మకం.

"రెండొందల వాట్లండీ ఇది. గది అదిరిపోద్ది," అన్నాడు దుకాణదారు.

"నాకు గది అదరక్కర్లేదండీ. ముప్ఫై చాలు."

నిజంగానే చాలు. నా దగ్గరున్న పాత స్పీకర్లు కొద్దిపాటి పవర్‌కే నిండుగా గొంతెత్తే రకం.

నా దగ్గరున్నాయన్నానే గాని, అవి సత్తెనపల్లిలో పత్తి వ్యాపారం చేసిన నా స్నేహితుడివి. నడుమెత్తు చెక్కపెట్టెలు. పడుచు వయసులో మా సాయంత్రాలన్నీ అతని కొట్టులోనే గడిచాయి. చెప్పినవాడే రుజువు చూపాలంటూ వాళ్ల దేవుణ్ణీ మా వాళ్ల దేవుళ్లనీ నేను ఏకిపారేస్తుంటే వినేవాడు. నమాజు వేళకి "నీ వాదన కాసేపు దాచిపెట్టరా" అని లేచి వెళ్లేవాడు. తిరిగొచ్చి, ఆపిన వాక్యం దగ్గరే నన్ను పట్టుకునేవాడు. తర్వాత టేపు పెట్టేవాడు. ఎవరో పల్లెటూరి దాసుగారి హరికథ. కథలో మహిమల్ని వెక్కిరిస్తూనే, చిడతల కోసం మళ్లీ మళ్లీ వేయించుకునేవాణ్ణి. ఎండుమిరపకాయ విదిలిస్తే లోపలి గింజలు పలికినంత సన్నగా, విడివిడిగా పలికేవవి.

కిందటేడు అతను కొట్టు ఖాళీ చేసి స్పీకర్లూ, ఆ హరికథ టేపూ నాకు పంపాడు. ఫోన్లో అరిచాడు: "ఎడమ చెవి పోయిందిరా. కుడిది కూడా మూటాముల్లే సర్దుకుంటోంది. మన కొట్టులో శబ్దం తెప్పించి నన్ను పిలువు. త్వరగా!"

స్పీకర్లకు చివికిన అంచులు మార్పించి, ఆ ముప్ఫై వాట్ల ఆంప్లిఫయర్ కొని తగిలించి, టేపు వేశాను. ఆ శబ్దం రాలేదు. చిడతలు రేకు మీద కంకర పోసినట్టున్నాయి. తీగలు మార్చాను. పక్కింటాయన వచ్చి, ఆగ్నేయంలో పెట్టడమే తప్పన్నాడు. చెప్పినవాడే రుజువు చూపాలని పంపేశాను.

విసుగొచ్చి చప్పట్లు చరిచాను. గది తిరిగి చరిచింది. నున్నటి పలకల నేల, అద్దాల కిటికీలు! కొట్టులో చప్పట్లు చరిస్తే ఎక్కడిదక్కడే చచ్చేది. అక్కడ మూడు గోడలకీ కప్పుదాకా పత్తి నింపిన గోనె బోరేలుండేవి. ఇన్నేళ్లూ నేను స్పీకర్ల గొప్పతనం అనుకున్నదాంట్లో సగం పత్తిది.

ఇంట్లో దూది పరుపులన్నీ గోడలకి నిలబెట్టాను. "గోడలు పరుపులెక్కితే మనమెక్కడ పడుకోవాలి?" అంది నా భార్య. స్పీకర్లను గోడకి మూరెడు ముందుకి జరిపి, మేం కూర్చునే వైపు కాస్త తిప్పాను. ఈసారి గింజలు పలికాయి.

ఫోన్ చేస్తే నా స్నేహితుడు వచ్చాడు. "ఏరా, ఆస్పత్రి పెట్టావా?" అని పరుపుల్ని చూసి నవ్వాడు. కుర్చీ లాక్కుని కుడి చెవి అటు తిప్పాడు. దాసుగారి గొంతు వినగానే మొహం విప్పారింది. కాసేపటికి ముడుచుకుంది.

"గొంతు అదేరా. మృదంగమూ అదే. చిడతలు రావట్లేదు. ఇంకో ఆంప్లిఫయర్ చూడాలేమో."

నా చెవికి చిడతలు గలగలమంటున్నాయి. "అవునురా, యంత్రానిదే లోపం" అంటే సరిపోయేది. రుజువులేని ఓదార్పుని జీవితమంతా తిట్టినవాణ్ణి, అదే నా నోటిదాకా వచ్చింది.

"వస్తున్నాయిరా," అన్నాను, అతనికి వినపడేలా.

నన్నే చూశాడు. "నిజంగా?"

"నిజంగా."

"చెప్పినోడే రుజువు చూపాలిగా. చూపించు మరి!" అని అరచెయ్యి చాచాడు.

చిడత పలికినప్పుడల్లా ఆ అరచేతిలో వేలితో కొట్టాను. టేపు రెండో వైపుకి వచ్చేసరికి అతని వేళ్లు నా వేలికంటే ముందే కదులుతున్నాయి.

పరుపులింకా గోడలకే ఉన్నాయి. ఆ కొట్టు, ఆ సాయంత్రాలు మాత్రం ఏ ఆంప్లిఫయర్‌తోనూ రావు. మీ అటక మీద కూడా అలాంటి పెట్టెలు పడి ఉంటాయి. దించండి. వాట్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. వాటిని మీ పక్కన కూర్చుని విన్న మనిషికి ఇవాళే ఫోన్ చెయ్యండి. ఇద్దరికీ చెవులుండగానే రమ్మనండి.