దాదా లావు తీగలు

మా దాదా రజాక్ తన పాత గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేవాడు. ఎనభై ఆరులో దేవరకొండ పెళ్లికి ఎల్లస్వామి సన్నాయితో జోడీ కుదిరింది. పొద్దున మా వాకిట్లో కలిపి చూస్తే సన్నాయి శ్రుతి చాలా పైన ఉంది. గిటార్‌కు చెవుల్లా ఉన్న మరలు తిప్పి అంత ఎత్తుకు బిగించేసరికి లావు తీగ టప్పున తెగింది. శ్రుతి కలవకపోతే సాయంత్రం పెళ్లి చేజారుతుంది. తీగకన్నా దాదా మొహమే ఎక్కువ వేలాడింది.

“సన్నాయినే జర కిందికి దిగమను,” అన్నాడు.

“మెలిపెట్టడానికి దానికి చెవులున్నయా? నీ గిటార్‌కే ఉన్నయి. సన్న తీగలెయ్యి,” అన్నది దాదీ, మా నాన్నమ్మ.

“సన్నవైతే గొంతు పలచనైతది.”

“నీ గొంతుకన్నా నయమే.”

దాదా మూతి ముడుచుకుని సన్న తీగలెక్కించాడు. సాయంత్రం రెండూ కలిసి పలికితే పెళ్లివాళ్లు భోజనాలకు లేవలేదు. మర్నాడు లావు తీగలతో దాదీ కోళ్లగంప కట్టుకుంది. ముడులేసింది దాదానే.