నేను సరిచేసిన గొంతు

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి పైన ఒక గది అద్దెకు తీసుకుని నేను పాటలు రికార్డు చేస్తాను. గోడలకు పాత దుప్పట్లు, బల్ల మీద కంప్యూటరు, ఒక చిన్న కీబోర్డు, ఒక మైకు. అంతకుముందు పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి. కంప్యూటరులోనే తబలా, వయొలిన్, వేణువు దొరుకుతాయని తెలిశాక వీడియో పాఠాలు చూసి ఈ పని నేర్చుకున్నాను. కీబోర్డు మీద మెట్టు నొక్కితే వయొలిన్ పలుకుతుంది. ఎవరో నిజంగా వాయించిన స్వరాలను ఒక్కొక్కటిగా రికార్డు చేసి లోపల పెట్టి ఉంటారు.

ప్లగిన్లు వేరు. అవి పాడిన గొంతుకు చేసే మరమ్మతులు. ఒకటి గొంతును గుడి మంటపంలో పాడినట్టు మోగిస్తుంది. ఒకటి ఎచ్చుతగ్గులను సమం చేస్తుంది. ఇంకొకటి శృతి తప్పిన స్వరాన్ని పట్టుకుని సరైన చోటికి లాగుతుంది. తెర మీద గొంతు ఒక గీతలాగా కనబడుతుంది, దాన్ని మౌసుతో పైకీ కిందికీ జరపవచ్చు. ఇది చేతికొచ్చిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

మా వీధిలో హోల్‌సేల్ కిరాణా అంగడి వాళ్ల పెద్ద కోడలు, నలభై అయిదేళ్ల ఆమె, తను రాసుకున్న అమ్మవారి పాట రికార్డు చేయించుకోవడానికి వచ్చింది. ప్రతి శుక్రవారం వాళ్లింటి పూజలో పాడేది ఆమే. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గొంతులో కొంచెం జీర ఉంది, కింది స్థాయిలో అది చాలా బాగుంటుంది. చరణంలో మాత్రం పైస్వరం అందలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది.

"పైకి పోలేకున్నానబ్బాయ్. దించి పాడేదా?" అని అడిగింది.

ఎట్లా వీలయితే అట్లా పాడమన్నాను, మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఆమె దించి పాడి, చివర్లో ఇంకొక్కసారి పైకి కూడా ప్రయత్నించి వెళ్లింది. నేను ఆ దించిన చరణం మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్‌తో పైకి ఎత్తాను. తప్పిన ప్రతి స్వరాన్నీ గీత మీదికి లాగాను. జీర కూడా పోయింది.

వారం తర్వాత ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది. "చివరిసారి నేను బాగానే పైకి పోయినాను గదా," అన్నది. అవునక్కా అన్నాను. అక్కడే చెప్పి ఉండాల్సింది.

ఆమె భర్త ఆ పాటను చుట్టాలందరి ఫోన్లకూ పంపాడు. ఉదయగిరిలో ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశంలో పాడమని ఆమెను అడిగారు. గొంతు లేని ట్రాక్ తీసుకుని తోడు రమ్మని ఆమె నన్ను అడిగింది. నాకు భయం పట్టుకుంది. శృతి తగ్గించిన ట్రాక్ కూడా ఒకటి చేసి లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. అది వాడాలంటే ఎందుకో చెప్పాలి. కారులో ఆమె దారి పొడవునా కూనిరాగం తీస్తూనే ఉంది. రెండుసార్లు నోరు తెరిచాను, ముందు సీట్లో ఆమె భర్త ఉన్నాడని ఊరుకున్నాను.

వ్రతం అయ్యాక, పొద్దున పదిన్నరకి, షామియానా కింద ఆమె మైకు పట్టుకుంది. పల్లవి చక్కగా పాడింది. చరణంలో గొంతు పగిలింది. ఆగి నా వైపు చూసింది. నేను ట్రాక్ ఆపలేదు, లాప్‌టాప్‌లో మంటపం మోతను ఇంకా పెంచాను. పగిలిన గొంతే పెద్దగా మోగింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ పగిలింది. ముందు వరసలో ఒక ముసలామె, ఫోన్లో పాడింది ఈమె కాదేమో అని పక్కామెతో అన్నది. అందరికీ వినబడింది. వయొలిన్ ఒక్కటే దాని పాటికది వాయిస్తూ ఉంది. ఆమె మైకు కుర్చీలో పెట్టి లోపల వడ్డనకు వెళ్లిపోయింది.

మూడో రోజు ఒక్కతే నా గదికి వచ్చింది.

"నిజం చెప్పు. ఆ పాటలో నాది ఎంత ఉండాది?"

ఫైలు తెరిచి ఒక్కొక్క ప్లగిన్‌నూ ఆపేశాను. చివరికి జీరతో, దించిన చరణంతో ఆమె గొంతు మిగిలింది. ఆమె కదలకుండా మొత్తం విన్నది.

"ఇది బాగానే ఉండాది గదా. ఆడ కూడా ఇట్లనే పాడుండేదాన్ని. ఎందుకు చెప్పలేదు?"

మీరు బాధపడతారని, అన్నాను.

"నా కోసం కాదులే. నీ పని బాగుందనిపించుకునేదానికి."

ఆ పాటంతా కంప్యూటరులోంచి తీసెయ్యమన్నది. అసలు గొంతన్నా ఉంచుకుంటానని బతిమాలాను. అదీ వద్దన్నది. ఆమె చూస్తుండగానే తీసేశాను.

ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు వాళ్ల గొంతు వాళ్లకు ఉన్నదున్నట్టు వినిపిస్తున్నాను, తర్వాత ఏమేం మారుస్తానో చెబుతున్నాను. కొందరు మొహం ముడుచుకుని వేరేచోటికి పోతున్నారు. మా అమ్మ శుక్రవారాలు పూజకు అక్క వాళ్లింటికి వెళ్తుంది. పాటలు ఇప్పుడు ఎవరెవరో పాడుతున్నారట, ఆమె హారతిచ్చి ఒక పక్కన కూర్చుంటున్నదట.

ఒకరోజు మధ్యాహ్నం క్షమించమని అడగడానికి వాళ్ల అంగడికి పోయాను. గల్లా దగ్గర ఆమే ఉంది. అక్కా, ఆ రోజు, అని మొదలుపెట్టాను.

"ఆ మాట ఇంక ఎత్తబాక," అన్నది, కోపం లేకుండానే. "ఏం కావాల?"

ఇంట్లో కందిపప్పు ఉంది. అయినా ఒక కిలో కట్టమన్నాను.