పక్కింటి చీపురు

పోయిన అక్టోబరులో ఓ ఉదయం, లీసెస్టర్‌లోని మా ఇంటి గుమ్మం బయట బరబరమని చప్పుడైంది. మావారు డ్యూటీకి వెళ్లిపోయారు. భయపడుతూనే తలుపు తీశాను. ముక్కూమొహం తెలియని పెద్దావిడ వంగి, మా వాకిట్లో రాలిన ఆకులు ఊడుస్తోంది. చేతిలో మన కొబ్బరి ఈనెల చీపురు!

"ఎవరండీ మీరు?" తెలుగులోనే అరిచేశాను.

పక్కింటమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సారీ అండీ, మా అమ్మ! ఇండోనేషియాలో మా పల్లె నుంచి నిన్ననే వచ్చింది. అక్కడ పక్కింటి వాకిలి వదిలేసి ఊడిస్తే, వాళ్లతో మాటల్లేవని అర్థం" అంది ఇంగ్లీషులో.

రెండేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నాం. ఆ అమ్మాయీ నేనూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఆవిడ చేతిలోని చీపురు అందుకుని వాళ్ల గుమ్మం దాకా ఊడ్చాను. పెద్దావిడ నా వెనకే నడుస్తూ, నేను వదిలేసిన ఆకుల్ని వేలితో చూపించింది, అచ్చం మా అత్తగారిలా!