ఎర్రగీతకు అటు మామ, ఇటు అత్తమ్మ

ఆ రోజుల్లో వకీలు కావాలంటే కాలేజీకి పోయి చదవాలని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. బీకాం (రెండో దెబ్బకు) గట్టెక్కి, కరీంనగర్ కోర్టు ఎదురుగా ఒక ప్లీడరు సాబ్ దగ్గర టైపు కొట్టే కొలువులో చేరాను. ఆర్నెల్లు తిరక్కముందే చట్టమంతా వంటబట్టిందని నా నమ్మకం. ఇంట్లో చాయ్ ఆలస్యమైతే "సదరు చాయ్ ఇంకా దాఖలు కాలేదేం?" అని అడిగేవాణ్ణి. అవ్వ గరిట పట్టుకుని వెంటపడేది. బాపు మాత్రం మురిసిపోయి చుట్టాలందరికీ నన్ను "మా వకీల్ సాబ్" అని చెప్పుకున్నాడు. అట్లా చుట్టాల్లో నాకు గిరాకీ మొదలైంది.

మొదటి గిరాకీ మా మేనమామ. నస్పూర్‌లో ఆయనకు చిన్న చాయ్ హోటల్ ఉండేది. ముందు భాగంలో బల్లలు, రేడియో, గల్లాపెట్టె, దాని వెనక కాలు మీద కాలేసుకుని మామ. వెనక భాగంలో పొయ్యి, పొగ, ఆ పొగలో అత్తమ్మ. వాళ్లకున్న ఆధారమల్లా అదే. ఒకరోజు సర్కారు మనుషులు టేపులు పట్టుకుని వచ్చి, రోడ్డు వెడల్పు చేస్తామని, హోటల్ గోడ మీద నట్టనడుమ ఎర్ర రంగుతో గీత కొట్టిపోయారు. గీతకు ముందున్నదంతా పోతుంది. ఎప్పుడంటే తెలియదు. నష్టపరిహారం ఇస్తారా అంటే "పైనుంచి రావాలె" అన్నారట (నేను ఆ మాటను ఎన్నోసార్లు టైపు కొట్టాను గానీ ఎవరి చేతికీ వచ్చినట్టు చూడలేదు). బజారంతా పరేషాన్. మామకు అన్నం సయించడం లేదని కబురొస్తే బస్సెక్కి పోయాను.

"అల్లుడా, సగం కూలగొడితె మిగిలిన సగంల ఏం నడుస్తదిరా? ఏదన్న కానూన్ చెప్పు," అన్నాడు మామ.

నేను కళ్లు మూసుకున్నాను (మా ప్లీడరు సాబ్ అట్లాగే మూసుకునేవాడు, ఒక్కోసారి నిద్రపోయేవాడు కూడా). తెరిచి చెప్పాను. "ఒకటే దుకాణమైతె సగం విరుగుతది మామా. అదే రెండు దుకాణాలు అనుకో, ఒకటి పోయినా ఇంకోటి నిండుగ ఉంటది. గీత ముందటిది నీ పేరు మీద, ఎనుకది అత్తమ్మ పేరు మీద రాద్దాం." ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. మామ ఎగిరి గంతేశాడు. "శెబాష్‌రా! పొయ్యి ఎట్లైన దానిదే గద, గల్లా నాది!" ఫీజు కింద బతికినన్నాళ్లూ ఉచితంగా చాయ్ పోస్తానన్నాడు. స్టాంపు కాగితం తెప్పించి, అడుగడుక్కీ ఒక 'సదరు' వేసి టైపు కొట్టుకొచ్చాను.

సంతకం పెట్టే ముందు అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "అంటే గీ పొయ్యి నాదేనా?"

"నీదే అత్తమ్మా."

"గా ఎనుక దర్వాజ?"

"అది గూడ నీదే."

"మల్ల మాట మార్చద్దు," అని సంతకం పెట్టింది. మామ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

తర్వాత నెల నేను పోయేసరికి ఆ నవ్వు లేదు. బూడిద పారబొయ్యడానికి తప్ప తెరవని వెనక దర్వాజను అత్తమ్మ బార్లా తెరిచి, సందులో బల్ల వేసింది. ఆ సందు బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లకే పోతుంది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు చుట్టూ తిరిగి మామ దగ్గరికి ఎందుకొస్తారు? ముందట బల్లల మీద ఈగలు, రేడియోలో వార్తలు. ఎవడైనా దారితప్పి వస్తే మామ లోపలికి పోయి చాయ్ కొనుక్కురావాలి.

"నా దుకాణం చాయ్ నీ దుకాణంల అమ్ముకుంటవు, ఊకెనే ఎందుకిస్త? పైసలు వెట్టు, తీస్కపో!" అంటోంది అత్తమ్మ. నా ఫీజు సంగతి ఎత్తాను. "ఎవలతోని ఒప్పుకున్నవు? మీ మామతోని గద. పో, మీ మామ దుకాణంల తాగు."

ఇంత కొట్లాటలోనూ బోనీ మాత్రం మామదే. ఆయన చెయ్యి మంచిదని అత్తమ్మకు పెళ్లైన నాటి నుంచీ నమ్మకం. పొద్దున్నే మామ మూతి ముడుచుకుని గీత దాటి పోయి, ఆమె చేతిలో పైసలు పెట్టి, మొదటి చాయ్ తాగి తిరిగొచ్చేవాడు. అప్పటిదాకా ఇంకెవరికీ గ్లాసు అందేది కాదు.

కాగితం రద్దు చేయమని మామ నా ప్రాణం తీస్తే ప్లీడరు సాబ్‌కు చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, నన్ను చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "రిజిస్ట్రీ చెయ్యలే. గిది చెల్లదు. మిర్చీలు కట్టుకోను పనికొస్తది." మామ పరుగున పోయి ఆ శుభవార్త చెప్పాడు. అత్తమ్మ గరిట ఆపలేదు. "సంతకం వెట్టినవా లేదా?" "వెట్టిన." "ఇగ మూస్కో."

చివరికి సర్కారు మనుషులు గడ్డపారలతో రానే వచ్చారు. చట్టం మాట్లాడదామని నేను అడ్డం పోతే "జర పక్కకు జరుగు తమ్మీ, దుమ్ము వడ్తది," అన్నారు. ముందు భాగం కూలిపోయింది. మామ రోడ్డవతల సోడాల పెట్టె మీద, రుమాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. సందులో కార్మికులు నిలబడ్డారు, షిఫ్టు సైరన్ మోగింది, చాయ్ మసులుతోంది, అత్తమ్మ ఎవరికీ పొయ్యదు.

"ఓ సేటూ! బోనీ ఎవడు జేస్తడు, మీ తాత వస్తడా?" అని అరిచింది.

"దుకాణమే లేకపాయె, ఇంకేం బోనీయే?"

అత్తమ్మ ఇటుకల మీది నుంచి దిగి వచ్చింది. దుమ్ములోంచి గల్లాపెట్టె తీసి, కొంగుతో తుడిచి, తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టింది. "దుకాణం పోయింది. చెయ్యి పోలే గద. రా, ఈడ కూసో. ఉడుకు వెడ్తది, ఓర్సుకో."

మామ రుమాలుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచాడు. జేబులు తడుముకుని నా దగ్గరికొచ్చాడు. "అల్లుడా, రూపాయుంటె ఇయ్యిరా." ఆ రూపాయితోనే బోనీ అయింది. నా మొదటి కేసులో ఫీజు ఇచ్చుకున్నది నేనే.

తర్వాత నిజంగానే కాలేజీకి పోయి, నిజం నల్లకోటే తొడిగాను. ఇప్పుడు కొత్త పన్నులనీ, కొత్త రోడ్లనీ చిన్న చిన్న దుకాణాలవాళ్లు గుబులుగా వస్తారు. "చూద్దాం, ఆలోచిద్దాం," అంటాను. ఆ టైపు కొట్టే పిల్లగాడైతే చాయ్ చల్లారేలోపే తేల్చేసేవాడు. వాడి ధీమా చూస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. వాడి దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఏ కాగితమూ ముట్టుకోకముందే అడుగుతాను:

"మీ దుకాణానికి ఎనుక దర్వాజ ఉందా?"