గట్టు మీద మిలటరీ బండి

నత్తలదిబ్బ చేపల చెరువుల గట్టు మీద వాన పడితే బండి తిరగకూడదు. చెరువులు తవ్విన నాటి నుంచీ ఉన్న కట్టుబాటు ఇది. కొల్లేటి మట్టి ఎండలో రాయిలా ఉంటుంది, వాన పడితే వెన్నలా జారుతుంది. లారీ ఎక్కితే గట్టు కుంగుతుంది. కుంగిన చోట తెగుతుంది. తెగితే ఒకరి చేప ఇంకొకరి చెరువులోకి పోతుంది. అందుకని వానాకాలంలో చెరువుల కమిటీ ట్రాక్టరు ఒక్కటే గట్టెక్కుతుంది. ఎవరి చేప ముందు రోడ్డుకు చేరాలో, ఎవరిది ఆగాలో కమిటీయే చెబుతుంది.

కమిటీ అంటే హనుమంతరావు. ఏలూరులో మేత కొట్టు, గట్టు మీద సగానికి పైగా చెరువులు ఆయనవి. ట్రాక్టరు కూడా ఆయనదే, పేరుకు కమిటీది. పుష్పమ్మ కౌలుకు చేస్తున్న చెరువు గట్టు చివరన ఉంది. దానికి రెండు పక్కలా హనుమంతరావు చెరువులే.

పోయిన ఏడాది ఆగస్టులో పుష్పమ్మ వల దింపిన రోజున వాన పట్టుకుంది. తెల్లారేసరికి చేప గట్టు మీద ఉంది. ట్రాక్టరు మధ్యాహ్నం దాటాక వచ్చింది. ముందు హనుమంతరావు చేప వెళ్ళింది, తర్వాత ఆయన బావమరిదిది. పుష్పమ్మ బొచ్చెలు, శీలావతులు రోడ్డుకు చేరేసరికి మొప్పలు తెల్లబడిపోయాయి. ఐసు వ్యాను మనిషి ఒక ట్రే మూత తీశాడు, వాసన చూశాడు, మూత పెట్టేశాడు. ఆ చేపనంతా గట్టు పక్కనే గొయ్యి తీసి పూడ్చారు.

వారం తిరక్కుండా హనుమంతరావు కబురు పంపాడు. చివరి చెరువు ఆడవాళ్ళకు కష్టం, వదిలేస్తే తాను చేసుకుంటానని. చెరువు సొంతదారు కూడా మెత్తగా అదే చెప్పాడు. ఇంకో పంట ఇలా పోతే కౌలు మార్చేస్తానన్నాడు. పుష్పమ్మ చేతిలో ఉన్నది ఒక్క పంట.

ఆమె చెరువు వదల్లేదు. చింతలపూడి వెళ్ళి మిలటరీ బండి కొనుక్కొచ్చింది.

పుష్పమ్మకు యాభై దాటాయి. పుట్టింది పెదవేగి దగ్గర. తండ్రి ఏలీయా పామాయిల్ తోటల నుంచి గెలలు తోలే ట్రాక్టరు డ్రైవరు. బడి లేని రోజుల్లో ఆమె మడ్‌గార్డు మీద కూర్చుని తండ్రితో తిరిగింది. ఏలీయా భుజం జారి మంచాన పడిన ఏడాది, తోట వాళ్ళు ఇంకో డ్రైవరును వెతుక్కునే లోపు తనే స్టీరింగు పట్టుకుంది. ఆడపిల్ల ట్రాక్టరు తోలడమేమిటని సంఘ పాస్టరుగారు ఇంటికొచ్చి అడిగారు. ఏలీయా మంచం మీంచే జవాబు చెప్పాడు.

"గెలలు నెత్తిన పెట్టుకు మోస్తే తప్పులేదు గానీ, మోసే బండి తోలితే తప్పాండీ అయ్యగారూ?"

పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. పుష్పమ్మ తోలుతూనే ఉంది. పెళ్ళయ్యాక మానేసింది. భర్త ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. షెడ్డు మూతపడ్డాక ఇద్దరూ నత్తలదిబ్బ వచ్చి, గట్టు మొదట్లో రోడ్డు పక్కన ఇల్లు వేసుకుని, చెరువు కౌలుకు తీసుకున్నారు.

ఆ బండి మిలటరీ వేలంలో ఎప్పుడో బయటికొచ్చిన ఒక టన్ను ట్రక్కు. నాలుగు చక్రాలూ లాగుతాయి. మెట్టలో కొన్నాళ్ళు కలప మోసి, కొన్నాళ్ళు గెలలు మోసి, చివరికి ఒక రైతు కొట్టంలో ఆగిపోయింది. డ్రైవరు సీట్లో కోడి పొదిగేది. పుష్పమ్మ చిన్నప్పుడు ఇలాంటి బండే వాగులో దిగి ఎక్కడం చూసింది. ఆమెకు ఆ సంగతి ఒక్కటే గుర్తు. ఆనంద్ పాల్ బండి కిందికి దూరి, సుత్తితో ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వచ్చి, బయటికొచ్చి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పుష్పా, ఇందులో ఇనుము కంటే తుప్పు ఎక్కువుంది."

"ఛాసిస్ ఎలా ఉందండీ?"

"అదొక్కటీ బాగుంది."

"అయితే మిగతాది మీరు కడతారు."

రోడ్డు మీద నడపడానికి ఆ బండికి కాగితాలు లేవు. పుష్పమ్మకు రోడ్డుతో పనీ లేదు. చెరువు దగ్గర నుంచి ఐసు వ్యాను ఆగే చోటు దాకా వస్తే చాలు. ఇంకో లారీ మీద ఎక్కించి తెచ్చి, ఇంటి వెనక టార్పాలిన్ కింద దింపారు.

అక్కడి నుంచి ఆ పెరడు షెడ్డయిపోయింది. పెట్రోలు ఇంజను బిగుసుకుపోయి ఉంది. దాన్ని తీసేసి పాత జీపు డీజిల్ ఇంజను పెట్టారు. దానికీ పాత గేరుబాక్సుకూ బోల్టులు కలవలేదు. మధ్యలో బిగించడానికి ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో పాత స్నేహితుడి లేతు మీద మందపాటి ఇనప పలక కోయించి తెచ్చాడు. మొదటిది తేడా వచ్చింది, ఇంకోటి కోయించాడు. ముందు చక్రాలకు శక్తినిచ్చే లివరు తుప్పుతో కదల్లేదు. పుష్పమ్మ దానికి రోజూ డీజిలు పోసి, సుత్తితో తట్టి, తిట్టింది. ఒకరోజు కదిలింది. బ్రేకు గొట్టాలన్నీ కొత్తవి వేశారు. వాటి రబ్బరు సీలు దొరక్క ఏలూరులో పాత ఇనుము కొట్లన్నీ తిరిగారు.

ఆ గట్టు మీది మిగతా కౌలుదారుల్లో నాగవల్లి ఒకతే రోజూ వచ్చి చూసేది. ఆమెకు నోరెక్కువ.

"వదినా, యుద్ధానికి ఎప్పుడండీ ప్రయాణం?"

"హనుమంతరావుగారు ముహూర్తం పెట్టించాలి."

"కోడి సీటు మాత్రం తియ్యకండి. మీకంటే అదే నయంగా తోలుద్ది."

బండి కట్టడంలో భార్యాభర్తలిద్దరూ ఒక పెద్ద పొరపాటు చేశారు. కొల్లేటి అంచున బతికేవాళ్ళు ఏది పెట్టినా ముందు ఎత్తు చూస్తారు. మంచం కింద ఇటుకలు, మోటారు కింద దిమ్మ, బియ్యం డబ్బా అటక మీద. ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడాదులు ఎవరూ మరిచిపోరు. బండిని కూడా అలాగే చూశారు. ఇరుసులకూ కమానులకూ మధ్య దిమ్మలు పెట్టి, బాడీ కింద ఇంకో వరస దిమ్మలు పెట్టి, మూరెడు పైకి లేపారు. నీళ్ళు ఇంజనుకు తగలవని ఆనంద్ పాల్ సంబరపడ్డాడు. చూడటానికి బండి మంచె మీద నిలబడ్డట్టుంది.

జూన్‌లో మొదటి వాన తగ్గి గట్టు ఇంకా తడిగా ఉండగా, కమిటీ ఎదుటే పరీక్షకు పెట్టారు. చేప ట్రేల బదులు ఇసుక బస్తాలు వేశారు. గట్టు మలుపు దగ్గర నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. బండి అక్కడికెళ్ళి కొంచెం ఒరిగింది. ఇంకొంచెం ఒరిగింది. తర్వాత పడుకునే గేదెలా నిదానంగా హనుమంతరావు చెరువులోకి వాలిపోయింది. పుష్పమ్మ మోకాలి లోతు నీళ్ళలోంచి నడిచి ఒడ్డెక్కింది. బండిని బయటికి లాగింది హనుమంతరావు ట్రాక్టరే.

"మిలటరీది కదా, ఈదుద్ది అనుకున్నానమ్మా," అన్నాడు ఆయన. జనం నవ్వారు. నవ్వు ఆగాక ఆయన గొంతు మార్చాడు. "పుష్పమ్మా, చెప్తున్నాను. ఇంకోసారి వానలో ఈ బండి గట్టెక్కడానికి లేదు."

ఇంటికొచ్చాక ఆనంద్ పాల్ అమ్మేద్దామన్నాడు.

"ఎందుకు పడిందో చూడకుండా అమ్మేస్తే కొన్నవాడూ పడేస్తాడండీ," అంది పుష్పమ్మ.

మర్నాడు మలుపు దగ్గర చక్రాలు జారిన జాడ చూసి వచ్చింది. పెరట్లో ఎత్తుగా నిలబడ్డ బండిని చూసి, భర్తను కేకేసింది.

"గట్టు మునుగుద్దని కదండీ దీన్ని లేపాం? గట్టే మునిగితే బండెందుకు? పడవ చాలు."

ఆనంద్ పాల్ వంగి దిమ్మలకేసి చూశాడు. తర్వాత గ్యాస్ కట్టరు తెచ్చి, తను వెల్డింగు చేసిన దిమ్మలన్నీ తనే కోసేశాడు. బాడీని ఛాసిస్‌కు అంటేటట్టు దించాడు. ట్రేలు ఒకే వరసలో పరిచేలా అడుగు వెడల్పు చేశాడు. గాలి పీల్చే గొట్టం ఒక్కటి మాత్రం టాపు దాకా పైకి తీశాడు. వెడల్పు టైర్లు వేసి, వాటిలో గాలి సగానికి దించారు. టైరు కింద పరుచుకుని గేదె డెక్కలా నిలబడింది. నాగవల్లి చూసి, "బండి కుంగిపోయిందేంటి వదినా, సిగ్గేసిందా?" అంది.

సెప్టెంబరులో చేప తూకానికి వచ్చింది. పుష్పమ్మ ఐసు వ్యాను మాట్లాడుకుని, వలగాళ్ళకు చెప్పుకుంది. వల దింపిన తెల్లవారుజామునే వాన మొదలైంది. చేప వలలో ఉండగా ఆపడానికి వీల్లేదు.

ఆమె బండి తీసుకుని గట్టు మొదటికి వచ్చేసరికి, హనుమంతరావు ట్రాక్టరు అడ్డంగా పెట్టించి గొడుగేసుకుని నిలబడ్డాడు.

"కట్టుబాటు తెలుసు కదమ్మా."

"తెలుసండి. నా చేప ఎప్పుడు తెస్తారండీ?"

"వరసలో వస్తుంది."

"పోయినేడూ వరసలోనే వచ్చిందండి. గోతిలోకి."

"గట్టు పాడైతే అందరి చేపా పోద్ది. గాడి పడితే ఎవరు పూడుస్తారు?"

ఆ గట్టుకు ఇంకో కట్టుబాటు ఉంది. గాడి పెట్టినవాడే మట్టి మోసి పూడ్చాలి. ట్రాక్టరు గాడి మాత్రం కమిటీది కాబట్టి, ప్రతి చెరువు నుంచీ ఒక మనిషి వచ్చి పూడ్చాలి.

"నా గాడి నేను పూడుస్తానండి," అంది పుష్పమ్మ.

"నీకు పూచీ ఎవరు?"

"పూచీ దేనికండీ? గట్టెక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను. ట్రాక్టరు తీయించండి."

హనుమంతరావు తీయించలేదు. గొడుగు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

పుష్పమ్మ బండిని వెనక్కి తీసింది. వెళ్ళిపోతోందని అందరూ అనుకున్నారు. ఆమె ముందు చక్రాల లివరు వేసి, రోడ్డు పక్క పంటబోదె కాలవలోకి దించింది. తూటుకాడ మొక్కలు తొక్కుకుంటూ ట్రాక్టరును దాటి, గట్టు వాలు మీదికి ఎదురెక్కించింది. చక్రాలు ఒక్క క్షణం బురద చిమ్మాయి. ఆ బురద హనుమంతరావు గొడుగు మీదా పడింది. తర్వాత టైర్లు పట్టు దొరకబుచ్చుకున్నాయి. బండి గట్టు మీదికొచ్చింది. ఆనంద్ పాల్ కర్ర పట్టుకుని ముందు నడిచాడు. మలుపు దగ్గర ఆగి, ఏ చక్రం ఎక్కడ పడాలో కర్రతో చూపించాడు. ఈసారి బండి ఒరగలేదు.

మొదటి విడత చేప అదే బోదె దారిన రోడ్డుకు చేరినప్పుడు ఐసు వ్యాను మనిషి మొప్ప ఎత్తి చూసి, ఐసు వేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత హనుమంతరావు కూడా ట్రాక్టరు కదిలించాడు. ఆయన చెరువులోనూ వల ఉంది. రోజంతా రెండు బండ్లూ గట్టు మీద తిరిగాయి, ఎదురుపడినప్పుడు ఒకటి వెనక్కి తగ్గి దారిచ్చింది. చివరి విడతకు ముందు ఇరుసులో ఏదో టకటకమని మోగి, ముందు చక్రాలు లాగడం మానేశాయి. పుష్పమ్మ సగం ట్రేలు దించేసి, వెనక చక్రాలతోనే ఈడ్చుకొచ్చింది. మలుపులో జారి పెద్ద గాడి పెట్టింది. వెనక మిగిలిపోయిన ట్రేలు రెండో రకం కింద పోయాయి. మిగతా పంటంతా మొదటి రకంలో వెళ్ళింది.

మర్నాడు వాన వెలిసింది. పుష్పమ్మ, ఆనంద్ పాల్ పారలు, తట్టలు తీసుకుని గట్టెక్కారు. తమ టైర్ల గాడి ఎక్కడుంటే అక్కడ మట్టి వేసి తొక్కారు. మలుపు దగ్గర గాడికే పూటంతా పట్టింది. చాలా చోట్ల ఆ గాడి పక్కనే ట్రాక్టరు గాడి ఉంది, పిక్క లోతున. దాన్ని వాళ్ళు ముట్టుకోలేదు. పూడ్చిన గీతా, పూడ్చని గీతా పక్కపక్కనే గట్టు చివరిదాకా కనబడుతున్నాయి.

మిగతా చెరువుల మనుషులు పారలతో వచ్చారు గానీ, అది చూసి నిలబడిపోయారు. హనుమంతరావు మోటారుసైకిలు దిగాడు.

"ఇదేంటి, సగం పూడ్చి సగం వదిలారు?"

"మాది మేం పూడ్చామండి," అంది పుష్పమ్మ.

"ట్రాక్టరు గాడి అందరిదీ. కట్టుబాటు."

"ట్రాక్టరు మా చేప మొయ్యలేదు కదండీ. మోసిందెవరిదో వాళ్ళు పూడ్చుకుంటారు."

నాగవల్లి తన మనిషి చేతిలోంచి పార తీసుకుని భుజాన వేసుకుంది. "మా చేపా మొయ్యలేదండి," అని ఇంటి దారి పట్టింది. ఇంకో ఇద్దరు ఆమె వెనకే వెళ్ళారు. మిగిలినవాళ్ళు హనుమంతరావు ముఖం చూసి, గాడిలోకి దిగారు.

హనుమంతరావు ఈసారి నెమ్మదిగానే అన్నాడు.

"ఆదివారం కమిటీ కూర్చుంటుంది. నువ్వు రావాలి. ఆ బండి సంగతి అక్కడ తేలుస్తాం."

"ఆదివారం మాకు చర్చి ఉందండి."

"సోమవారం పెట్టుకుందాం."

"సోమవారం నాగవల్లిగారి చెరువులో వల దింపుతారండి. బండి అక్కడుంటుంది." పుష్పమ్మ తట్ట బోర్లించి మట్టి దులిపింది. "ఈలోగా ఇరుసు విప్పాలి. మంగళవారం పెట్టండి, వస్తాను."

ఆనంద్ పాల్ అప్పటికే పానాలు తేవడానికి ఇంటివైపు నడుస్తున్నాడు.