నాన్న ముందు, మేము వెనక

ఆ రోజుల్లో మా ఇంట్లో నాన్న అంటే అరచేతిలో పట్టే వస్తువు. బర్మాలో, తామ్వే అనే పేటలో మేముండే మూడో అంతస్తు ఇంట్లో ఆయనకొక చోటు కూడా ఉండేది: బియ్యం డబ్బా మీద, గోడకు ఆనించి. (సిగ్నల్ అక్కడే కాస్త నిలకడగా ఉండేది.) యాంగోన్‌లో అందరి చేతుల్లోకీ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. అంతకుముందు ఓడ మీద పనిచేసేవాళ్ళ పిల్లలకు నాన్న అంటే గోడ మీది ఫొటో. మా పిల్లలకు గొంతు కూడా దొరికిందని మేం పొంగిపోయాం. ఆ సంతోషం మమ్మల్ని ఎంత తిప్పలు పెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఆయన పోయి రెండేళ్ళయింది. పోయినవాళ్ళ గురించి రాయబోతే మాటలు వాటంతటవే పెద్దవైపోతాయి. అందుకని నవ్వొచ్చే సంగతితో మొదలుపెడుతున్నాను.

మా ఆయన ఓడలో ఇంజనీరు. చిన్నదానికి ఎనిమిది నెలలప్పుడు వెళ్ళినవాడు ఒక ఓడ దిగి, పరీక్షలకని సింగపూర్‌లో ఉండిపోయి, అటునుంచి అటే ఇంకో ఓడ ఎక్కాడు. దానికి మాటలు వచ్చింది ఫోనుతోనే. మా అత్తగారు రోజూ సాయంత్రం దాన్ని బియ్యం డబ్బా ముందు కూర్చోబెట్టి, "అదిగో మీ నాన, ముద్దెట్టు" అనేది. అది ముద్దు పెట్టేది. బొమ్మ ఎప్పుడూ మధ్యలో ఆగిపోయేది కాబట్టి దానికి తెలిసిన నాన్న మీసంతో కదలకుండా ఉండే ఒక మొహం, ఆ మొహం వెనక ఒక గొంతు. ఒకసారి నేను పనిచేసే స్కూలు హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేస్తే చిన్నది ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. "అమ్మా, నాన్నలోకి ఎవులో వచ్చీసినారు." మేమంతా పడీపడీ నవ్వాం. అత్తగారు ఈ సంగతి ఆదివారం చర్చిలో పదిమందికి చెప్పింది కూడా. అదొక హెచ్చరిక అని మాలో ఒక్కరికీ తోచలేదు.

చిన్నదానికి మూడున్నర, పెద్దదానికి ఎనిమిది ఉన్నప్పుడు ఆయన ఓడ మరమ్మతుకని రోటర్‌డామ్ చేరింది. తొమ్మిది రోజులు సెలవు దొరుకుతుంది, ఇంటికి వచ్చి పోయేంత వ్యవధి లేదు, మీరే రండి అన్నాడు. నాకప్పుడు ఇరవై తొమ్మిది. పాన్సొడాన్ రోడ్డు పేవ్‌మెంటు మీద కొన్న పాత పుస్తకాల్లో యూరప్ అంతా తిరిగేసిన మనిషిని. ఏ ఊళ్ళో ఏ వంతెన ఉందో, ఏ చర్చిలో ఏ కిటికీ చూడాలో నాకు తెలుసు. (అక్కడ మే నెలలో కూడా చలి వేస్తుందన్న ముక్క మాత్రం ఏ పుస్తకంలోనూ కనపడలేదు.) అత్తగారు పెద్ద సీసా నిండా వేయించిన ఎండు రొయ్యల పొడి ఇచ్చింది. కొడుకు చిక్కిపోయి ఉంటాడని ఆవిడకు చూడకుండానే తెలుసు.

విమానాశ్రయంలో ఆయన నిజంగానే చిక్కిపోయి, తలమీద ఉన్ని టోపీతో, మీసం లేకుండా నిలబడి ఉన్నాడు. పెద్దది పరిగెత్తుకెళ్ళి నడుం పట్టుకుంది. చిన్నది నా పక్కనే నిలబడి, "ఈ ఊలే ఎవులు?" అంది. ఊలే అంటే బర్మా భాషలో మామయ్య, బాబాయి; మా ఊళ్ళో పిల్లలు తెలియని మగవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, "నాన్నని తల్లీ, నాన్నని" అన్నాడు. చిన్నది బెదరలేదు, ఏడవలేదు. పొరపాటు పడ్డ పెద్దమనిషిని చూసినట్టు జాలిగా చూసి, నా సంచీ వైపు వేలు చూపించింది. "నాన్న అందులో ఉన్నాడు." తర్వాత ఫోను తీయించుకుని నాన్నకు కలపమంది. ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. ఆయన మెల్లగా లేచి ఒక స్తంభం వెనక్కి వెళ్ళాడు. ఆయన జేబులో ఫోను మోగింది.

"నాన్నా, ఇక్కడొక ఊలే నానే నాన్నని అంటన్నాడు."

స్తంభం వెనకనుంచి జవాబు వచ్చింది. "అలగా? మంచోడేనా?"

"తెల్దు. టోపీ ఎట్టుకున్నాడు."

మా యాత్ర అలా మొదలైంది. మొదటిరోజు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన మాకు యాభై అడుగుల ముందు, చెవి దగ్గర ఫోనుతో. వెనక ఫోను రెండు చేతులతో పట్టుకుని చిన్నది. దాని చొక్కా కాలరు పట్టుకుని నేను. మా ముగ్గురితో తనకేమీ సంబంధం లేనట్టు పెద్దది. ఆయన ముందు ఏముందో చెప్పేవాడు. "నాకో వంతెన అగుపడతాంది. దాని కింద బాతులున్నాయి. మా అమ్మాయి వస్తాంది, ఆగండని చెప్పినాను." మేం వెళ్ళేసరికి బాతులు అక్కడే ఉండేవి. "ఆగినాయి" అనేది చిన్నది, పెద్దగా ఆశ్చర్యం లేకుండా. సందు తిరగ్గానే గంట మోగుతుందంటే మోగేది. ఒకామె కిటికీలో ఎర్రపూలకు నీళ్ళు పోస్తోందంటే, మేం చేరేసరికి ఆ పూల నుంచి ఇంకా నీళ్ళు కారుతుండేవి. తన తండ్రి కాసేపటి క్రితమే అటుగా వెళ్ళి అన్నీ చెప్పిపెట్టి ఉంచిన ఊళ్ళలో అది నడిచింది. అంత నిశ్చింతగా యూరప్ చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటారా అని ఇప్పుడనిపిస్తుంది.

పెద్దదానికి ఆ వంతెన కింది కాలవ నచ్చలేదు. "మన ఊరి పక్క ట్వంటే కాలవలాగే ఉంది, కుండల పడవలు లేవంతే" అంది. పాత మేడల వీధిలోకి వెళ్తే, "మన పాన్సొడాన్ రోడ్డే గదమ్మా ఇది, కడిగినట్టున్నాది" అంది. నేను మాత్రం లోపల ఉడికిపోతున్నాను. ఇన్ని వేల మైళ్ళు వచ్చి, ఇన్నేళ్ళు చదువుకున్న ఊళ్ళో నేను చూస్తున్నది ఒక మనిషి వీపు, ఉన్ని టోపీ. సాయంత్రం చిన్నది నిద్రపోయాక ఆయనతో అదే అన్నాను. ఇదేం నాటకం, ఎత్తుకుని నాలుగు గంటలు తిరిగితే అదే అలవాటవుతుంది కదా అన్నాను. ఆయన రొయ్యల పొడి రొట్టె మీద చల్లుకుంటూ ఇంజనీరు మాట చెప్పాడు. "పెషరు ఒక్కసారి తియ్యకూడదే, పేలిపోద్ది. రోజుకి ఐదడుగులు తగ్గిస్తాను. తొమ్మిదో రోజుకి పదడుగులే మిగుల్తాది. ఆ పది అదే నడుస్తాది." నడవకపోతే ఏమిటన్నది ఇద్దరం అనలేదు. తొమ్మిదోరోజు సాయంత్రం మేం విమానం ఎక్కాలి, ఆయన ఓడ ఎక్కాలి. మళ్ళీ పది నెలలు. నిజానికి ఆయన నిబ్బరం చూసి నేను మోసపోయాను. బ్రస్సెల్స్ వెళ్ళే రైల్లో చిన్నది నిద్రపోతే, ఆయన వచ్చి పక్కన కూర్చుని దాని పాదం పొడవు తన వేలితో కొలుచుకున్నాడు. అది కదలగానే లేచి వెళ్ళి రెండు సీట్ల అవతల కూర్చున్నాడు, పరాయివాడిలాగా, కిటికీలోకి చూస్తూ.

బ్రస్సెల్స్‌లో వాన. చిన్నది నా భుజం మీద పడుకుంది. నేనొక కాఫీ కొట్టు చూరు కింద, ఆయన వీధికి అవతల ఇంకో చూరు కింద. ఇప్పుడు ఇటు రావచ్చు కదా అనుకుంటుండగా నా చేతిలో ఫోను మోగింది. "నువ్వు మాటాడు" అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. కాలు నొప్పి తగ్గిందా అని అడిగాడు. అత్తగారి మందుల గురించి, పెద్దది రాత్రుళ్ళు పళ్ళు కొరకడం గురించి, ఓడలో తన గదికి కిటికీ లేకపోవడం గురించి, నాలుగు రోజులుగా ఎదురెదురుగా కూర్చుని ఒక్కటీ చెప్పుకోని సంగతులన్నీ ఆ వీధికి అటూ ఇటూ నిలబడి చెప్పుకున్నాం. (ట్రాములు మధ్యలోంచి పోతుండేవి. పోయినప్పుడల్లా ఆయన ఇంకా అక్కడే ఉన్నాడా అని చూసేదాన్ని.) మూడేళ్ళ పిల్లను చూసి నవ్వుతున్నానే గాని, ఫోను లేకుండా ఆ మనిషితో ఎలా మాట్లాడాలో నేనూ మర్చిపోయానని అప్పుడు తెలిసింది. తెలిసినా ఒప్పుకోలేదు.

ఒప్పుకుని ఉంటే పారిస్‌లో అలా చేసి ఉండను. ఆరోరోజు ఆ పెద్ద ఇనుప గోపురం కింద ఆయన పాతిక అడుగుల దూరం దాకా వచ్చాడు. చిన్నది ఆయన వైపు చూసి చెయ్యి కూడా ఊపింది, ఊలేకి ఊపినట్టే. ఎండ కాసింది. చుట్టూ కుటుంబాలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫొటోలు దిగుతున్నాయి. నాలో ఏదో తెగింది. దాని చేతిలోంచి ఫోను లాక్కుని సంచీలో పడేసి, రెక్కపట్టి ఆయన ముందు నిలబెట్టి, "ఇతనే నాన్న. ఇంకెవరూ లేరు. వెళ్ళు" అన్నాను. అది నేల మీద కూలబడి పెట్టిన కేకలకు పావురాలు లేచిపోయాయి. ఆయన ఎత్తుకోబోతే ఇంకా పెద్దగా అరిచింది. ఒక పోలీసాయన వచ్చి, ఈ మనిషి మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాడా అని నన్ను మర్యాదగా అడిగాడు. పెద్దది తన స్కూలు ఇంగ్లీషులో, "ఈయన మా నాన్నేనండి, కానీ ఫోనులో మాత్రమే" అని వివరించింది. మా ఆయన రెండు అరచేతులూ చూపిస్తూ వెనక్కి నడిచాడు. పాతిక, ముప్పై, నలభై. మళ్ళీ యాభై అడుగుల దగ్గర ఆగి, ఫోను తీశాడు. నా సంచీలో నాన్న మోగాడు.

ఆయన ఆ సాయంత్రం ఎక్కువసేపు బూట్లు తుడుచుకున్నాడు.

ఎనిమిదో రోజు తిరుగు ప్రయాణంలో ఆంట్‌వెర్ప్‌లో రైలు మారాలి. అంత ఎత్తు కప్పున్న స్టేషను నేనెక్కడా చూడలేదు. అద్దాల్లోంచి పడే వెలుగు మనుషుల మీదికి దిగేసరికి పొగలా పలచబడేది. పెద్దది గొంతు తగ్గించి, ఇది చర్చా స్టేషనా అంది. ఆయన అవతలి చివర గడియారం కింద ఉన్నాడు. చిన్నది మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను చెవినుంచి తీసి చూసింది. నల్లగా ఉంది. నేనూ నొక్కి చూశాను. లాభం లేదు. "నాన్న ఆరిపోనాడు" అంది. ఏడవలేదు, అందుకే భయమేసింది నాకు. తెలివితో అన్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గాని, అలసిపోయి అన్న మాటే అది: "ఆ ఊలే ఓడలు బాగుచేస్తాడు. ఫోను చేస్తాడేమో వెళ్ళి అడుగు."

అది ఒక్కతే బయల్దేరింది. చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోయేవాళ్ళ మధ్యనుంచి, ఫోను రెండు చేతుల్లో పెట్టుకుని. ఆయన దాన్ని చూసి కదలకుండా నిలబడ్డాడు. నేను పెద్దదాని చెయ్యి పట్టుకుని వెనకే వెళ్ళాను.

"ఊలే, మా నాన్నని బాగుచెయ్యి."

ఆయన నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఏమీ బతిమాలలేదు. "ఇది పట్టుకో, పడెయ్యకు" అని బ్యాటరీ తీసి దాని చేతిలో పెట్టాడు. ఫోను వెనక మూత తిరగేసి తట్టాడు. ఆరేడు అన్నం మెతుకులు రాలాయి, ఎండిపోయి, గాజుపెంకుల్లా. నావైపు చూశాడు. నాకూ తెలియదు.

"ఇవేటి?"

"నాన్న బువ్వ."

"ఎవులెట్టినారు?"

"నానే. నోట్లో ఎడితే తిన్లేదు. ఎనకనించి ఎట్టినాను."

ఆయన ఒక మెతుకు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కరకరమంది. "ఊలే, అది నాన్నది" అని చిన్నది గద్దించింది. ఆయన తల ఎత్తకుండా, బ్యాటరీ గుంట ఊదుకుంటూ, "నాకే గదేటి ఎట్టినావు" అన్నాడు. మొదటిరోజు మోకాళ్ళ మీద కూర్చున్నప్పటి గొంతు కాదది. పనిలో పడి, సగం ధ్యాసతో మాట్లాడే గొంతు. రోజూ సాయంత్రం బియ్యం డబ్బా మీంచి వినపడే గొంతు. చిన్నది ఆయన దవడ కదలడం ఆగేదాకా చూసింది. తర్వాత రెండు వేళ్ళతో ఇంకో మెతుకు ఏరి ఆయన నోట్లో పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. నేల మీద ఉన్నవన్నీ అయిపోయాక అడిగింది.

"ఇంక కావాలా నాన్నా?"

"చాలమ్మా" అన్నాడు. మేం ఎక్కాల్సిన రైలు అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు విమానాశ్రయంలో దాన్ని ఆయన మెడ నుంచి విడదీయడానికి నాకూ పెద్దదానికీ ఇద్దరికీ పని పడింది. తామ్వేకి తిరిగొచ్చాక అసలు కష్టం తెలిసింది. ఫోను మోగితే చిన్నది దగ్గరకు రాదు. అత్తగారు ముద్దెట్టమంటే, "అది నాన్న కాదు. నాన్న ఇంతుంటాడు" అని చేతులు రెండూ చాచి చూపించేది. పది నెలలు ఒక్కమాట మాట్లాడలేదు. బాధగా లేదా అని అడిగితే ఆయన ఓడలోంచి నవ్వాడు. "మాటాడకపోనీ. దాని లెక్కే కరెక్టు."

చిన్నదానికిప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంటికి ఎవరైనా వచ్చి ఆయన మాట ఎత్తితే, యూరప్‌లో తొమ్మిది రోజులూ నాన్న నన్ను భుజం మీంచి దించలేదు అని చెబుతుంది. గోపురం కింద కూడానా అని అడిగినవాళ్ళకు, అక్కడ అసలే దించలేదంటుంది. పెద్దది నావైపు చూస్తుంది. పిల్లల నోటుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పుపోతే ఊరుకోని మనిషిని, "అవును, దించలేదు" అని టీ పెట్టే నెపంతో లేస్తాను. వంటింట్లో నీళ్ళు కాగేదాకా ఆ ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి గుర్తొస్తుంది. ఎదురుగా మొగుడు నడుస్తుంటే, ఊళ్ళు సరిగ్గా కనపడటం లేదని మొహం ముడుచుకుని వెనక నడిచిన మనిషి. ఆమెను తల్చుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది. యాభై అడుగులు చాలా దూరమనుకుంది, పాపం.